3 అంగుళాల పొగగొట్టం వేయించాక బండి లాగడం మానేసింది, గొట్టం మూడోసారి పగిలింది

గుడిస_గోపి
బండి ఇసుజు వి-క్రాస్ ట్రక్కు, 2017, 2.5 డీజిలు, 4 వీలు డ్రైవు. మారేడుమిల్లి అవతల మాకు జీడితోట ఉందండి, ఆఖరి 6 కిలోమీటర్లు రోడ్డన్న మాటే లేదు, రాళ్లూ వాగూ. సీజన్లో గుడిస కొండ ఎక్కేవాళ్లని కూడా తీసుకెళ్తుంటాను.

ఆరు నెలల క్రితం కంపెనీ పొగగొట్టం మధ్యలో తుప్పు పట్టి చిల్లు పడింది. టౌన్లో ఒక షెడ్డుకి తీసుకెళ్తే అతను "టర్బో బండికి ఎంత లావు గొట్టం వేస్తే అంత బలం" అని టర్బో (పొగ ఊపుతో తిరిగి ఇంజనులోకి గాలి నొక్కే చక్రం) నోటి నుంచి వెనక బంపరు దాకా 3 అంగుళాల ఎంఎస్ (మామూలు ఇనప) పైపు వేసేశాడు. మధ్యలో ఉన్న తేనెతుట్టె డబ్బా (పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టరు), సైలెన్సరు రెండూ తీసి నా చేతిలో పెట్టాడు. మొదటి వారం నాకూ బాగానే ఉంది, అబద్ధమెందుకు.

ఇప్పుడు సంగతి ఇదండి. ఒకటి, టర్బో నోటి దగ్గర మొదటి వంపు వెల్డు పక్కనే పగిలింది. వెల్డు చేయించాను. మొదటిది 40 రోజులొచ్చింది, రెండోది 20, మూడోది 11. రెండు, 2000 ఆర్‌పీఎమ్ లోపు బండిలో ప్రాణం లేదు. సెకండులో ఎక్కే ఘాటు ఫస్టులో ఎక్కుతున్నాను. మూడు, 1800 దగ్గర కేబిన్ అంతా ఒకటే గుంయ్. మా ఆవిడ బస్సులో వస్తానంటోంది.

మళ్లీ పాత సైజుకే పోవాలా, రెండున్నర వేయించాలా? బ్యాక్ ప్రెషర్ పోయింది కాబట్టి టార్కు పోయిందని తెలిసినాయన అన్నాడు. నిజమేనా?

పాత_జీపు
నిజమే. ఇంజనుకి వెనకాల కొంచెం అడ్డు ఉండాలి. లేకపోతే కింద పికప్ చచ్చిపోతుంది. నా జీపుకి 1998లో సైలెన్సరు తీసేసి చూశాను కాబట్టి చెప్తున్నా.

వరంగల్_వీల్స్
ఆవిడ బస్సుల వస్తనంటే మంచిదే గదా అన్న, డీజిల్ మిగులుతది.

డీజిల్_మావయ్య
@పాత_జీపు ఈ బ్యాక్ ప్రెషర్ మాట వినీ వినీ నా చెవులు తుప్పు పట్టాయి. ఏ ఇంజనుకీ అడ్డు "కావాలి" అని ఉండదు. కొళాయి గొట్టం చివర బొటనవేలు అడ్డం పెడితే నీళ్లు దూరం పడతాయి, నిజమే. బకెట్టు తొందరగా నిండుతుందా? పెట్టి చూడండి.

టర్బో లేని పెట్రోలు బండిలో సంగతి వేరు. అక్కడ గొట్టం లావు, పొడవు సరిగ్గా కుదిరితే ఒక సిలిండరు వదిలిన పొగ ఊపు పక్క సిలిండరు పొగను లాగుతుంది. లావు ఎక్కువైతే ఆ ఊపు చచ్చిపోతుంది. దాన్ని చూసి జనం అడ్డు ఉండాలి అనేసుకున్నారు. టర్బో ఉన్న బండిలో ఆ ఊపంతా టర్బైను చక్రమే మింగేస్తుంది. చక్రం దాటాక ఎంత ఖాళీ ఉంటే అంత మంచిది.

పాత_జీపు
అయితే గోపి గారి బండి ఎందుకు లాగట్లేదో చెప్పండి. ఖాళీ బోలెడంత ఇచ్చాడుగా షెడ్డాయన.

థర్మో_లక్ష్మి
మంచి ప్రశ్న. జవాబు గొట్టంలో లేదని నా అనుమానం. ముందు లెక్క చూద్దాం, ఎలాగూ సైజు అడిగారు.

2.5 లీటర్ల ఇంజను, 3600 ఆర్‌పీఎమ్. నాలుగు స్ట్రోకులది కాబట్టి రెండు చుట్లకోసారి గాలి పీలుస్తుంది, నిమిషానికి 4500 లీటర్లు. టర్బో నొక్కిన గాలి చిక్కదనం కలుపుకుంటే, ఇంటర్‌కూలరు (నొక్కిన గాలిని చల్లార్చేది) తర్వాత, నిమిషానికి సుమారు 8 కిలోల గాలి. టర్బో దాటాక పొగ 450 డిగ్రీలనుకోండి. ఆ వేడికి ఒక ఘనపు మీటరు పొగ అర కిలో కూడా తూగదు. అంటే సెకనుకి 0.27 ఘనపు మీటర్లు బయటికి పోవాలి.

ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం పైపు అనుకుంటే:
2 అంగుళాల్లో వేగం సెకనుకి 150 మీటర్ల పైన.
రెండున్నరలో 95.
3 అంగుళాల్లో 65.

అడ్డు అనేది వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి 2 నుంచి రెండున్నరకి వెళ్తే అడ్డు రెండున్నర రెట్లు తగ్గుతుంది. రెండున్నర నుంచి 3కి వెళ్తే ఇంకో రెండు రెట్లు తగ్గుతుంది, కానీ అప్పటికే మిగిలింది కొంచెమే. నా లెక్కలో సైలెన్సరు, అయిదు వంపులతో కలిపి 2 అంగుళాలకి 30 కిలోపాస్కళ్ల పైచిలుకు, రెండున్నరకి 12 పైన, 3కి 6 చుట్టుపక్కల. ఆ ఆఖరి 6 కోసం కొండదారిలో అర అంగుళం నేల ఎత్తు వదులుకోవడం నాకు బేరంలా కనబడట్లేదు.

కంపెనీ ఇంజను, కంప్యూటరులో కంపెనీ మ్యాపే (సెట్టింగులే) అయితే రెండున్నర చాలు. 3 అంగుళాలు ఇంజను గాలి ఒకటిన్నర రెట్లు చేసినవాళ్లకి.

గుడిస_గోపి
లక్ష్మి గారూ, లెక్క రెండుసార్లు చదివానండి, మూడోసారి అర్థమైంది. మరి పికప్ పోవడానికి పగులు కారణమా?

థర్మో_లక్ష్మి
పగులు టర్బైను తర్వాత ఉంది కదా. అక్కడ పొగ చేయాల్సిన పని అయిపోయింది, కారితే మోత, మసి, కేబిన్లో వాసన. బలం పోదు. అదే పగులు టర్బోకి ముందు, మ్యానిఫోల్డులో (సిలిండర్ల పొగంతా టర్బోకి చేర్చే ముక్కలో) ఉంటే చక్రం తిప్పాల్సిన పొగ దారిలోనే పోతుంది, అప్పుడు బలం పోతుంది.

డీజిల్_మావయ్య
అదీ మాట. గోపీ, డాష్‌బోర్డులో ఇంజను దీపం వెలుగుతోందా?

గుడిస_గోపి
వెలుగుతోంది మావయ్యా. తేనెతుట్టె తీసేశాం కదా, అందుకే వెలుగుతుంది, పట్టించుకోవద్దు అన్నాడు షెడ్డాయన.

డీజిల్_మావయ్య
ఆహా. దీపం మీద టేపు అంటించలేదా ఇంకా? బ్లూటూత్ స్కానరు వెయ్యి రూపాయల లోపు దొరుకుతుంది. కోడు ఏమిటో చూసి ఇక్కడ పెట్టు. అప్పటిదాకా గొట్టం మీద పైసా ఖర్చు పెట్టకు.

వెల్డింగ్_వీర్రాజు
నాకు పికప్ సంగతి తెలవదు, పగులు సంగతి చెప్తా. 22 ఏళ్లుగా ఇదే పని. గోపి గారూ మూడు ముక్కలు చెప్పండి. టర్బో నోటి తర్వాత జాలీ బెల్లోసు (అటూ ఇటూ వంగే ముడతల గొట్టం ముక్క) ఉందా? మొదటి పట్టీ ఎక్కడ కొట్టాడు, ఇంజనుకా ఛాసిస్‌కా? పగులు పైన మొదలైందా కింద మొదలైందా?

గుడిస_గోపి
బెల్లోసు లేదండి, సూటిగా పైపే. మొదటి పట్టీ నోటి నుంచి రెండడుగుల్లో ఛాసిస్ అడ్డ దూలానికి నేరుగా వెల్డు చేశాడు, రబ్బరు కూడా లేదు. పగులు పైవైపున మొదలై రెండు పక్కలకీ దిగింది. వెల్డు మీద కాదు, వెల్డు అంచున. మసి కారి కాటుక గీత పెట్టినట్టుంది.

వెల్డింగ్_వీర్రాజు
అనుకున్నా. ఇంక వెల్డు చేయించకండి, వందసార్లు చేసినా వందసార్లు పగులుద్ది.

చూడండి, బానెట్ తెరిచి ఎవర్నయినా గేరులో క్లచ్చి కొంచెం వదలమనండి. ఇంజను పక్కకి ఎలా ఒరుగుద్దో కంటికి కనబడుద్ది. రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంది కాబట్టి అది ఊగాలి. రాళ్లలో క్రాలింగు చేసేటప్పుడు ఇంకా ఊగుద్ది. మీ ఛాసిస్ ఊగదు. ఈ రెంటి మధ్య రెండడుగుల ఇనప కడ్డీ లాంటి గొట్టం బిగించేశాడు. మధ్యలో ఎవరో ఒకళ్లు చావాలి. వెల్డు అంచున ఇనుము వేడికి పెళుసెక్కి ఉంటది, అది చచ్చింది. మీ అదృష్టం, టర్బో నోటి స్టడ్లు విరగలా, టర్బో డొల్ల పగల్లా.

పైన మొదలైందన్నారు కదా, అంటే గొట్టం బరువు కూడా నోటికి వేలాడుతోంది. మూడంగుళాల ఎంఎస్ తక్కువ బరువా!

పద్ధతి ఏంటంటే, నోటి నుంచి దిగే మొదటి ముక్కకి పట్టీ గేర్‌బాక్సు బెల్లు బోల్టు నుంచి తీయాలి. అప్పుడు ఇంజను, గేర్‌బాక్సు, ఆ ముక్క కలిసి ఊగుతాయి. ఆ పట్టీ దాటాక బెల్లోసు. బెల్లోసు దాటాక ఛాసిస్, అదీ రబ్బరు హ్యాంగర్ల మీదే. బెల్లోసు కనీసం 6 అంగుళాలు, లోపల జాలీ గొలుసు అల్లిక ఉన్నది కొనండి. ఉత్తది పొగ వేగానికి లోపల రేకు ఊడి వచ్చుద్ది. బిగించేటప్పుడు సాగదీసి, మెలిపెట్టి బిగించకూడదు, చేతిలో ఎలా ఉందో అలాగే కూర్చోవాలి.

వరంగల్_వీల్స్
వీర్రాజన్న చెప్పింది సోలా ఆనా. మా దోస్తు గిట్లనే సాలిడ్ పట్టీ కొట్టిచ్చిండు. గొట్టం పగల్లే, దూలమే చీలింది. గది ఇంకా ఖర్చు.

థర్మో_లక్ష్మి
దీనికి వేడి వ్యాకోచం కూడా కలపండి. ఒక మీటరు ఎంఎస్ పైపు 500 డిగ్రీలు వేడెక్కితే 6 మిల్లీమీటర్ల పైన సాగుతుంది. అదే 304 స్టెయిన్‌లెస్ అయితే 9 దాకా. రెండు కొసలా గట్టిగా పట్టేస్తే ఆ సాగేది ఎక్కడికి పోతుంది? వాగులో దిగి చల్లారితే మళ్లీ లాక్కుంటుంది. గోపి గారి దారిలో ఇది రోజుకి రెండుసార్లు.

పాత_జీపు
304 ఎక్కువ సాగుతుందంటున్నారు, మరి అందరూ 304 వెయ్యమంటారేం?

వెల్డింగ్_వీర్రాజు
తుప్పు పట్టదని. కానీ బజార్లో 304 అని అమ్మేది సగం 202. మెట్ల రెయిలింగులకి వాడేది. అయస్కాంతం పెట్టి చూశా, అంటలేదు, కాబట్టి 304 అంటారు కొందరు. 202కి కూడా అంటదు. పరీక్ష చేసే మందు చుక్క సీసా దొరుకుద్ది, వేసి రంగు చూడండి. లేకపోతే బిల్లు మీద గ్రేడు రాయించుకోండి, రాయనన్నాడంటే అర్థమైపోద్ది.

కంపెనీ గొట్టాలు ఎక్కువగా 409 రకం స్టెయిన్‌లెస్. దానికి అయస్కాంతం అంటుద్ది. పైన కొంచెం గోధుమ రంగు తిరుగుద్ది కానీ చిల్లు పడటానికి ఏళ్లు పడతది. సాగటం కూడా ఎంఎస్ అంతే. దొరికితే అదే మేలు. మన దగ్గర చిల్లరగా దొరకదు, అదే బాధ.

304 వెల్డు చేసేటప్పుడు లోపల ఆర్గాన్ గ్యాసు నింపాలి. నింపకపోతే లోపలివైపు నల్లగా బెల్లం పాకం విరిగినట్టు గడ్డలు కడతది, అక్కడి నుంచే పగులు. ఎంఎస్ ఫ్లాంజికి (బోల్టులు బిగించే అంచుకి) స్టెయిన్‌లెస్ పైపు అతికితే 309 కడ్డీ. 308 వేసేవాడి దగ్గర నుంచి బండి తెచ్చేసుకోండి.

టెక్సాస్_సుబ్బు
ఇక్కడ నా దగ్గర 97 డాడ్జ్ ఉంది, 5.9 కమిన్స్ 12 వాల్వులది. దానికి 4 అంగుళాలు వేశాను. ఇక్కడ 5 అంగుళాలు వేసేవాళ్లూ ఉన్నారు, అది చూడ్డానికి తప్ప దేనికీ కాదు.

నేను చెప్పేది వేరే. లావు గొట్టం వేశాక నాకు బలం పెద్దగా తెలియలేదు. తెలిసింది వేడిలో. మ్యానిఫోల్డులో ఈజీటీ (పొగ వేడి కొలిచే) మీటరు పెట్టుకున్నాను, ట్రెయిలరు లాగుతూ ఎత్తు ఎక్కేటప్పుడు ముల్లు 1300 ఫారెన్‌హీట్ దాటేది, అంటే 700 సెంటీగ్రేడు పైన. ఇప్పుడు అదే ఎత్తులో 1200 లోపే ఉంటోంది. మేం 1250 దాటితే కాలు తీసేస్తాం. గోపి గారూ, గొట్టం మార్చేటప్పుడు ఎలాగూ విప్పుతారు కాబట్టి, మ్యానిఫోల్డులో ఒక బోసు (మీటరు బిగించే మరల బొడిపె) వేయించి మీటరు పెట్టించుకోండి. రంధ్రం మాత్రం మ్యానిఫోల్డు బయటికి తీసే వేయండి. ఇనప రజను టర్బో చక్రంలో పడితే అంతే.

గుడిస_గోపి
సుబ్బు గారూ మీ కమిన్స్‌కి మ్యానిఫోల్డు కూడా మార్చారా? మా షెడ్డాయన స్టీలు గొట్టాలతో పొడుగు మ్యానిఫోల్డు కడతానంటున్నాడు, 18 వేలు.

టెక్సాస్_సుబ్బు
వద్దు. డీజిల్ ట్రక్కుకి పోత ఇనుము మ్యానిఫోల్డే. పొట్టిగా, మందంగా, వేడి దాచుకునేలా. టర్బోకి ముందు గొట్టం లావైతే నష్టం, టర్బో తర్వాత సన్నమైతే నష్టం. ఈ రెండూ తారుమారు చేసేవాళ్లే ఎక్కువ. నా టర్బో నోరు మధ్యలో గోడతో రెండుగా ఉంటుంది. 1-2-3 సిలిండర్ల పొగ ఒక సగంలోకి, 4-5-6 ఇంకో సగంలోకి. పేలే వరస 1-5-3-6-2-4 కాబట్టి ఒకసారి ఇటు, ఒకసారి అటు కొడుతుంది, ఒకదాని ఊపు ఇంకోదానికి అడ్డం రాదు. అందుకే కింద నుంచే లాగుతుంది. ఆ పోతను తీసి ఊరి వెల్డరు గొట్టాలు పెడితే నాలుగో నెలలో పగులుతుంది.

డీజిల్_మావయ్య
గోపీ, నీ బండిలో టర్బో రేకులు కదిలే రకం. కింద ఆర్‌పీఎమ్‌లో రేకులు మూసుకుని సందు సన్నం చేసి చక్రాన్ని కొడతాయి. నీకు 18 వేల మ్యానిఫోల్డు చేసే పని కంపెనీవాడు ముందే చేసి పెట్టాడు. ఆ డబ్బులతో టైర్లు కొను. కోడు చూశావా?

ట్రాఫిక్_బాధితుడు
అందరూ గొట్టం లావు మాట్లాడుతున్నారు, నేను చలానా మాట్లాడతా. తేనెతుట్టె తీసేయడం, సైలెన్సరు తీసేయడం రెండూ తప్పే. మోటారు వాహనాల చట్టం 52 సెక్షను బండిని మార్చొద్దంటుంది, 2019 సవరణలో వచ్చిన 182ఏ కింద ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ కూడా. పైగా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాడు మొదట బండి కిందకే దూరతాడు. నా పేరు ఊరికే పెట్టుకోలేదు.

వరంగల్_వీల్స్
ఎన్ని చలాన్లు అన్న ఇప్పటికి?

ట్రాఫిక్_బాధితుడు
అది వేరే చర్చలో.

థర్మో_లక్ష్మి
తేనెతుట్టె గురించి నాది కూడా అదే మాట. డీజిల్ బండిలో అది కార్బన్ మోనాక్సైడునీ, కాలని ఇంధనపు ఆవిర్లనీ కాల్చే డబ్బా. మూసుకుపోకుండా బాగుంటే అది పెట్టే అడ్డు తక్కువే. గోపి గారు పర్యాటకుల్ని ఎక్కించుకుని కొండ మీద ఇంజను ఆపకుండా నిలబెడతారు, వెనక సీటువాళ్లు ఆ పొగే పీలుస్తారు. అటక మీద ఉంటే దించి వేయించండి. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 బళ్లలో అయితే మసి వడకట్టే డీపీఎఫ్ కూడా ఉంటుంది, దాన్ని ముట్టుకునే ఆలోచనే వద్దు.

గుంయ్ శబ్దం సంగతి. నాలుగు సిలిండర్లు, 1800 ఆర్‌పీఎమ్, అంటే సెకనుకి 60 పేలుళ్లు. 60 హెర్ట్జ్ మోత, మీ కేబిన్ దానికి డప్పులా పలుకుతోంది. పక్క గొట్టం పెట్టి దాన్ని చంపాలంటే ఆ వేడిలో దాదాపు 2 మీటర్ల మూసిన గొట్టం కావాలి. ఎక్కడ పెడతారు? సైలెన్సరు పెట్టేయండి, పోతుంది.

కొండదారి_కాంతం
ఎవ్వరూ గడ్డి మాట ఎత్తలేదు. గుడిస పైన డిసెంబరు దాటితే గడ్డి మోకాలెత్తు, ఎండి గలగలమంటుంది. పోయినేడు నేను ఫొటో కోసం బండి దారి పక్కకి దించి ఆపాను. రెండు నిమిషాల్లో కింద నుంచి సన్నగా పొగ. నా బండికి గొట్టం మీద ఉండాల్సిన రేకు కవచం రాళ్లకి ఎప్పుడో ఊడిపోయింది, నేనే పట్టించుకోలేదు. గుప్పెడు గడ్డి గొట్టానికీ గేర్‌బాక్సు దూలానికీ మధ్య చిక్కుకుని అంటుకుంది. చేతి గుడ్డతో, నీళ్ల సీసాతో ఆర్పాం. ఆ చేత్తోనే టీ తాగలేకపోయాను, వణుకు.

కాబట్టి కొత్త గొట్టం ఎక్కడ గడ్డి పట్టుకునేలా సందులున్నాయో చూసి వేయించండి. ఫ్లాంజి బోల్టులు కిందికి కాకుండా పక్కకి ఉండాలి, కిందికి ఉంటే రాయి మొదట వాటినే కొడుతుంది. కవచపు రేకుకీ గొట్టానికీ మధ్య వేలు పట్టేంత గాలి వదలాలి.

గుడిస_గోపి
కాంతం గారూ భయపెట్టేశారండి. వేడి టేపు చుట్టేస్తే పోదా, తెల్లగా పట్టీలాగా ఉంటుంది చూడండి, అది?

వెల్డింగ్_వీర్రాజు
ఎంఎస్ మీద చుట్టకండి. వాగు నీళ్లు పీల్చి పట్టుకుంటది, లోపల గొట్టం కుళ్లిపోద్ది. ఒక ఏడాది తర్వాత టేపు విప్పితే గొట్టం టేపుతోనే వచ్చేసుద్ది. టర్బో నోటి దగ్గర ఒక అడుగు చుట్టుకోవాలంటే చుట్టుకోండి. మిగతాది రేకు కవచమే.

పాత_జీపు
వాగు అంటే గుర్తొచ్చింది. పొగగొట్టం మూతి నీళ్లలో మునిగినా ఫరవాలేదు, ఇంజను తిరుగుతుంటే పొగ తోసేస్తుంది. కాలు తీసేసి ఆపేస్తేనే నీళ్లు ఎక్కేది. కానీ ఎర్రగా కాగిన టర్బోతో ఒక్కసారిగా వాగులో దిగకండి. ఒడ్డున రెండు నిమిషాలు ఐడిల్లో పెట్టి, అప్పుడు దిగండి. పోత ఇనుము చల్లనీళ్లకి ఠప్పుమంటుంది.

డీజిల్_మావయ్య
ఈ ఒక్కటీ వందకి వంద కరెక్టు చెప్పారు బాబాయ్. ఇంతకీ మీ జీపు ఇంజను ఏది?

పాత_జీపు
ప్యుజో డీజిలు, 2112 సీసీ. ఏం?

డీజిల్_మావయ్య
టర్బో?

పాత_జీపు
లేదు.

వరంగల్_వీల్స్
😂😂 గింత సేపు టర్బో లేని బండి ముచ్చటనా

పాత_జీపు
నవ్వండి. సైలెన్సరు తీస్తే లాగలేదన్నది మాత్రం నిజం. ఎందుకో మీరే చెప్పాలి.

థర్మో_లక్ష్మి
చెవులకి ఎక్కువ వినబడటం వల్ల మీరే ఆక్సిలేటరు తక్కువ తొక్కి ఉంటారు. నిజంగానే ఇది చాలామందికి జరుగుతుంది, ఎగతాళి కాదు.

గుడిస_గోపి
తొమ్మిది రోజుల తర్వాత వచ్చాను, క్షమించాలి, జీడి కోతలు.

స్కానరు తెప్పించాను మావయ్యా. కోడు పీ0299. వెతికితే టర్బో ప్రెషరు చాలట్లేదని ఉంది.

డీజిల్_మావయ్య
గాలి ఎక్కడో కారుతోంది. టర్బో నుంచి ఇంటర్‌కూలరుకి, అక్కడి నుంచి ఇంజనుకి వెళ్లే రబ్బరు గొట్టాల అతుకులన్నీ చేత్తో తడుము. వేలికి నూనె జిడ్డు ఎక్కడ అంటితే అక్కడ చూడు. నోట్లో పెట్టుకోకు, గోదారోళ్లకి అన్నీ రుచి చూసే అలవాటు.

గుడిస_గోపి
ఆయ్, దొరికిందండి! ఇంటర్‌కూలరుకి వెళ్లే గొట్టం కింది అతుకు, చేయి దూరని మూల. ఫోను కెమెరా పెట్టి చూశాను. క్లాంపు పైపు మూతి పూస (అంచున ఉబ్బెత్తు గీత) మీదే ఎక్కి కూర్చుంది, రబ్బరు సగమే దిగింది. చుట్టూ నల్లగా జిడ్డు, దుమ్ము పట్టి ముద్దలా ఉంది. షెడ్డులో పొగగొట్టం బోల్టులకి చేయి పట్టడానికి దీన్ని విప్పి ఉంటారు, పెట్టేటప్పుడు తొందర. విప్పి తుడిచి, పూస దాటించి క్లాంపు బిగించాను. పది నిమిషాల పని.

సాయంత్రం అదే ఘాటు. సెకండులో ఎక్కింది. 1600 నుంచే లాగుతోంది. పగిలిన 3 అంగుళాల గొట్టంతోనే!

థర్మో_లక్ష్మి
బ్యాక్ ప్రెషర్ చర్చకి ఇంతకన్నా పరీక్ష ఏముంది.

డీజిల్_మావయ్య
ఇన్నాళ్లూ ఏం జరిగిందో తెలుసా. గాలి కారుతుంటే కంప్యూటరు టర్బో రేకుల్ని ఇంకా మూసి ఇంకా గట్టిగా తిప్పబోయింది. ఘాటులో చక్రం అనవసరంగా ఎక్కువ తిరిగింది, పొగ వేడెక్కింది. టర్బో ఇరుసు చేత్తో కదిపి చూడు. కొంచెం పక్కకి ఆడితే సరే, ముందుకీ వెనక్కీ ఆడితే ఇక్కడికి రా.

గుడిస_గోపి
చూశాను, ముందుకీ వెనక్కీ అస్సలు కదల్లేదు. బతికిపోయాను.

పాత_జీపు
సరే ఒప్పుకుంటున్నా. నేను రాసింది తీసెయ్యను, పిల్లలు చదువుకుంటారు.

వెల్డింగ్_వీర్రాజు
ఇంక గొట్టం వేయించే ముందు ఒక్క మాట. వెనక ఇరుసు మీదుగా పోయే వంపు సంగతి. బండి లిఫ్టు మీద ఉన్నప్పుడు ఇరుసు కిందికి వేలాడుద్ది, ఎంత సందున్నా బోలెడంత కనబడుద్ది. అప్పుడు కొలిచి వెల్డు చేయకండి. బండి నేల మీద పెట్టి, వెనక బరువేసి, ఒక చక్రం కింద బండరాయి పెట్టి ఎత్తి చూడండి. ఆ చక్రం వైపు ఇరుసు పైకొచ్చి ఎక్కడ ఆగుద్దో అక్కడి నుంచి గొట్టానికి రెండు వేళ్లు ఉండాలి. బ్రేకు నూనె పైపుకీ డీజిల్ ట్యాంకుకీ దూరం ఉండాలి, తప్పకపోతే మధ్యలో రేకు.

వంపులు ఇసక నింపి వేడి చేసి వంచేవాడు దొరికితే మంచిదే. ఉత్తినే మిషన్లో నొక్కి వంచితే లోపలివైపు ముడతలు పడి, గొట్టం అక్కడ అరంగుళం సన్నం అయిపోద్ది. రెండున్నర కొని రెండు వాడుకున్నట్టు. తయారుగా అమ్మే బెండు ముక్కలు తెచ్చి అతికించుకోవటం ఇంకా మేలు.

థర్మో_లక్ష్మి
టర్బో నోటిని కాలిపరుతో కొలవండి. ఉదాహరణకి నోరు 50 మిల్లీమీటర్లుండి గొట్టం లోపలి కొలత 60 అయితే, ఒక్కసారిగా పెద్దది చేయకుండా 60, 70 మిల్లీమీటర్ల పొడవు కోను పెట్టించండి. మొదటి వంపు వీలైనంత పెద్ద చుట్టుతో. లాభం ఎక్కువ వచ్చేది ఈ మొదటి అడుగులోనే, వెనకాల బంపరు దగ్గర కాదు.

గుడిస_గోపి
పని అయిందండి. ఈసారి వేరే చోట, నేను పక్కనే స్టూలేసుకుని కూర్చుని చేయించాను. రెండున్నర అంగుళాలు, ఎంఎస్, 2 మిల్లీమీటర్ల మందం (409 దొరకలేదు, 304 అని చూపించింది చుక్క మందుకి 202 తేలింది, వీర్రాజు గారికి దండం). గేర్‌బాక్సు బెల్లు బోల్టుకి పట్టీ, తర్వాత 6 అంగుళాల బెల్లోసు, తర్వాత తేనెతుట్టె, సైలెన్సరు, నాలుగు రబ్బరు హ్యాంగర్లు. వెనక ఎడమ చక్రం బండరాయి ఎక్కించి చూస్తే ఇరుసుకి ఒకటిన్నర వేలే వచ్చింది. వంపు కోయించి మళ్లీ పెట్టించాను. వెల్డరు నన్ను తిట్టుకున్నాడు, వినబడింది.

కూలీ, సామాను కలిపి 14,500. ఈజీటీ మీటరు వచ్చే నెల. ఇంజను దీపం ఆరిపోయింది. మా ఆవిడ నిన్న ముందు సీట్లో కూర్చుని తోట దాకా వచ్చింది, 1800 దగ్గర నేను కావాలనే ఆపి ఉంచాను, నిద్రపోయింది.

కొండదారి_కాంతం
కవచం?

గుడిస_గోపి
గేర్‌బాక్సు దగ్గర వేయించాను, వేలు పడుతోంది. ట్యాంకు దగ్గర రేపు.

కొండదారి_కాంతం
రేపు అంటే గుడిస ఎక్కేముందా ఎక్కాకా?

గుడిస_గోపి
ముందేనండి, ఒట్టు.

వరంగల్_వీల్స్
ఆ 3 అంగుళాల పైపు ఏం జేసినవ్ అన్న? అమ్మితే చెప్పు, మా దోస్తు అడుగుతుండు.

గుడిస_గోపి
తోట గేటుకి స్తంభం పాతేశాను. సిమెంటు కూడా పోశాను.

వెల్డింగ్_వీర్రాజు
గేటు బందులకి రబ్బరు వేశారా మరి?